మడత దింపని గౌను

కొవ్వూరులో ఆ కాన్వెంటు పిల్లల యూనిఫాం అంతా సత్యకుమారి మిషను మీదే తయారయ్యేది. జూన్ వచ్చిందంటే ఆవిడకి అన్నం తినే తీరిక ఉండదు గానీ, గొప్పలు చెప్పుకునే తీరిక మాత్రం ఎక్కణ్ణించో వచ్చేస్తుంది. ఎదిగే పిల్లలు కదా అని గౌను అంచులో మూడంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టడం ఆవిడ పద్ధతి. దీపావళి నాటికి తల్లులు "పొట్టయిపోయిందండీ" అంటూ వస్తారు. ఆవిడ కుట్టు విప్పి మడత దింపుతుంది.

"నా మడత దింపించుకోకుండా ఏడాది దాటిన పిల్ల ఈ ఊళ్ళో లేదు" అని వీధి వీధంతా వినేలా అనేది.

1999లో బడి తెరిచిన వారానికి వెంకటదుర్గ తన మేనకోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు హారతి, తొమ్మిదేళ్ళు. తల్లి లేదు. తండ్రి గణేష్‌బాబు జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోటలో సూపర్‌వైజరు. చదువు బాగుంటుందని రెండేళ్ళ కిందట కూతుర్ని అక్క ఇంట్లో ఉంచాడు. వెంకటదుర్గ భర్త కాన్వెంటు కమిటీలో పెద్దమనిషి. యూనిఫాం పని సత్యకుమారికి రావడం ఆయన చలవే.

"గౌను పాతదే సరిపోతోందండి. చొక్కాకి మాత్రం చేతులు మణికట్టు దాకా పెట్టండి. ఎండకి నల్లబడిపోతోంది పిల్ల" అంది వెంకటదుర్గ.

ఈ ఉక్కలో పొడుగు చేతులా అని సత్యకుమారికి నవ్వొచ్చింది. గౌను అంచు తిరగేసి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళ కిందట తను వేసిన కుట్టు వేసినట్టే ఉంది. మడత ఒక్కసారీ దిగలేదు.

కొలతల పుస్తకం తీసింది. రెండేళ్ళ కిందట ఛాతీ ఇరవై నాలుగు. పోయినేడు చొక్కాకి ఇరవై అయిదు. కానీ పోయినేడు ఈ పిల్లని కొలవనే లేదు. ఏడాదికో అంగుళం పెరుగుతుందిలే అని హడావిడిలో తనే కలిపి రాసేసింది. నా కంటికి టేపుతో పనేంటని అప్పుడు మురిసిపోయింది కూడా. ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆడపిల్లల్ని తెర వెనక్కి ఒక్కళ్ళనే తీసుకెళ్ళి కొలవడం ఆవిడ అలవాటు. వెంకటదుర్గ అరుగు మీదే కూర్చుంది. లోపల టేపు చుట్టి చూస్తే ఇరవై మూడున్నర. చెయ్యి కొలవబోతే పిల్ల ముడుచుకుపోయింది. చొక్కా చెయ్యి పైకి జరిపితే వరసగా కాలిన మచ్చలు. కొన్ని పాతవి, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. అట్లకాడ వెడల్పు ఎంతో సత్యకుమారికి కొలవకుండానే తెలుసు.

"పడ్డానండి" అంది హారతి, అడక్కుండానే.

"సరేనమ్మా. పొద్దున్న ఏం తిన్నావు?"

"మిగిలితే పెడతారండి. ఇవాళ మిగల్లేదండి." పిల్ల గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకండి. చెబితే నాన్న ఇంక రాడంట."

"చెప్పనని మాటివ్వలేను తల్లీ. నీ మీద చెయ్యి పడకుండా చూసేవాళ్ళకే చెబుతాను. ఇందులో నీ తప్పు ఏమీ లేదు."

బయటికొచ్చి, "పొడుగు చేతులు కుదరాలంటే వేసి చూడాలండి. పిల్లని ఇక్కడే ఉంచండి, సాయంత్రం తీసుకెళ్దురు గాని" అంది. వెంకటదుర్గ సరేనని వెళ్ళిపోయింది.

హారతి పెరుగన్నం తింటూంటే సత్యకుమారి మిషను ముందు కూర్చుంది. నోరు విప్పితే మూడొందల మంది పిల్లల యూనిఫాం చెయ్యి జారిపోతుంది. భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ కంచం చివరి మెతుకు దాకా తుడుచుకు తింటున్న ఆ పిల్లని చూశాక ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. పుస్తకంలో ఇరవై మూడున్నర వేసి, దాన్ని చంకలో పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని, తిన్నగా హెడ్‌మాస్టరు గదికి నడిచింది.

హెడ్‌మాస్టరు జ్ఞానప్రకాశం గారు అంకెలు చూశారు, పిల్ల చెయ్యి చూశారు. "మధ్యాహ్నం ఇంటికెళ్ళి తినొస్తానంటే నమ్మానండి" అన్నారు. ఆయనా ఆ కమిటీ కింద ఉద్యోగం చేసేవారే. అయినా ఫోను తీశారు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ దెబ్బలన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఎస్సై గారికి కబురు వెళ్ళింది. గణేష్‌బాబు దొరికిన బస్సెక్కి పొద్దుగూకేలోపు దిగాడు.

"వచ్చినప్పుడల్లా కొత్త బట్టలతో ఎదురొచ్చేదండి. సుఖంగా ఉందనుకున్నాను" అంటూ కూతుర్ని దగ్గరకి తీసుకున్నాడు.

వెంకటదుర్గ మాత్రం సత్యకుమారి మీదకి వచ్చింది. "బట్టలు కుట్టుకునేదానివి, మా ఇంటి సంగతులు నీకెందుకే?"

"మీ ఇంటి సంగతులు నేనడగలేదండి. పిల్లని కొలవమన్నారు, కొలిచాను."

హారతి తండ్రితో వెళ్ళిపోయింది. వెంకటదుర్గ మీద కేసు నడిచింది. మరుసటి జూన్‌లో యూనిఫాం పని ఇంకొకరికి పోయింది. సత్యకుమారికి ఏడుపు రాకపోలేదు. బడిగంట వినిపిస్తే మొహం తిప్పుకుని జాకెట్లు కుట్టుకునేది.

ఆ జూన్‌లోనే ఒక ఆదివారం గణేష్‌బాబు, హారతి బస్సు దిగి వచ్చారు. పిల్ల చేతిలో ఆ పాత గౌనే.

"అక్కడి బడిలో కూడా నీలం గౌనేనండి. పొట్టయిపోయింది" అన్నాడతను.

"జంగారెడ్డిగూడెంలో దర్జీలే లేరా బాబూ?"

"ఉన్నారండి. మీ మడత మీరే దింపాలంటోంది."

సత్యకుమారి టేపు తీసింది. ఈసారి కంటిని నమ్ముకోలేదు. ఇరవై ఆరు! పుస్తకం తెరిచి, పోయినేటి ముందరేడు రాసిన ఆ దొంగ ఇరవై అయిదుని కొట్టేసి, కింద ఇరవై ఆరు వేసి తేదీ రాసింది. తర్వాత కుట్టు విప్పి మూడంగుళాలూ దింపింది. పిల్ల వేసుకుని వచ్చి నిలబడింది. అప్పటికీ గౌను మోకాళ్ళ దాకా రాలేదు.

"ఇంక మడత లేదాండీ?" అంది హారతి బెంగగా.

ఏడాదిగా అణిగి ఉన్న సత్యకుమారి గొంతు ఒక్కసారిగా లేచింది. వాకిట్లోకి వెళ్ళి, వీధి వీధంతా వినేలా కేకేసింది.

"ఇలా వచ్చి చూడండర్రా! ఈ పిల్లకి నా మడత చాల్లేదు!"