హైబ్రిడ్ పేరు పెంటయ్య

సోలార్ పెట్టే నరేశ్, మల్లిక వాకిట్లో కూర్చుని అన్నవి మూడే మాటలు. ఆన్ గ్రిడ్, ఆఫ్ గ్రిడ్, హైబ్రిడ్. అంతే! దేవరకొండ అవతల ఆ చిన్న ఊళ్లో, ఆ మూడు మాటల మీద ఆ ఇంట్లో లేచిన రచ్చ చూస్తే పెద్దమనుషుల పంచాయితీ కూడా సిగ్గుపడాలి.

ముందు మల్లిక మొగుడు విజేందర్ అందుకున్నాడు. "గిండ్ల ఆలోచన ఏమున్నది? ఆన్ పెట్టు తమ్మీ. ఆన్ అంటే ఎప్పుడూ ఆన్‌లనే ఉంటది. ఆఫ్ అంటే బందే కదా! బంద్ అయ్యేదాన్ని ఎవడన్న కొనుక్కుంటడా?"

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్త ఈదమ్మకు అదే మాట ఇంకోలా వినబడింది. బస్సులో ఆఫ్ టికెట్ తెలిసిన మనిషి ఆమె. "ఆఫ్ ఎందుకురా? సగం సగం పనులు మనింట్ల ఎన్నడన్న ఉన్నయా? పెడితే నిండుగ పెట్టు," అంది.

నరేశ్ నుదురు తుడుచుకున్నాడు. "సగం కాదవ్వా, బందూ కాదన్నా. ఆన్ అంటే కరెంటు లైనుకు కలిపేది. ఆఫ్ అంటే లైనుతోటి పని లేకుండ ఉత్త బ్యాటరీ మీద నడిచేది. లైనూ, బ్యాటరీ రెండూ ఉంటే హైబ్రిడ్. అక్క గుడ్ల మిషన్‌కు హైబ్రిడే సరైంది."

చింతపండు గంప పక్కకు పోయింది. ఈదమ్మ లేచి నిలబడింది.

"హైబ్రిడా? నా ఇంటి మీదనా?"

పాపం, నరేశ్‌కేం తెలుసు! ఈదమ్మ కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో ఎవరి మాటో నమ్మి చేనంతా హైబ్రిడ్ జొన్న వేశారు. గింజైతే కుప్పలు పడింది గానీ, రొట్టె కొడితే అంచులు విరిగాయి, గటక వండితే గొంతు దిగలేదు, ఎడ్లు ఆ చొప్పను వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. మరుసటేడు ఆ గింజే విత్తితే కంకి సరిగా రాలేదు. అప్పటినుంచి టమాటాలో పులుపు లేకపోయినా, పొరుగింటి పిల్లాడు ఎదురు మాట్లాడినా ఈదమ్మ నోట వచ్చే తిట్టు ఒక్కటే, "హైబ్రిడ్ది!" అని. అలాంటి సరుకు ఇంటి నెత్తిన ఎక్కుతానంటే ఊరుకుంటుందా? ఇల్లు ఆమెది, కప్పు ఆమెది, మాటా ఆమెదే.

మల్లికకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఈ సోలార్ గోలంతా ఆమె కోళ్ల కోసం. ఊరూరా తిరిగి నాటుకోడి గుడ్లు ఏరి తెచ్చి, పొదిగే మిషన్‌లో పెట్టి పిల్లలు చేయాలని ఆమె ఆశ. గుడ్లకు వేడి ఆగకుండా అందాలి. మొదటిసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి గుడ్లు చల్లబడ్డాయి. రెండోసారి గాలిదుమారానికి తీగలు తెగి మళ్లీ అంతే. చల్లబడ్డ గుడ్లను పారబోస్తూ మల్లిక వెక్కి వెక్కి ఏడ్చింది. ఈదమ్మ అప్పుడే తేల్చి చెప్పేసింది, "మూడోసారి గూడ పిల్లలు దక్కకుంటే మిషన్ అమ్మేసుడే. బాలనర్సమ్మ గుంపుల కూలికి పోదువు."

బాలనర్సమ్మ ఊళ్లో ఆడవాళ్లను పోగేసి చేలకు తీసుకుపోయే మేస్త్రి. మంచి మనిషే. మల్లిక చిన్నప్పటినుంచి కూలికి పోయిందే, ఒళ్లు వంచడానికి ఏనాడూ వెనకాడలేదు. కానీ తన బుర్రలో పుట్టి, తన చేతులతో మొదలైన పని ఈ లోకంలో ఇదొక్కటే. అది పోతుందంటే ప్రాణం గిలగిలలాడింది. మూడో విడత గుడ్లు అప్పటికే మిషన్‌లోకి ఎక్కాయి.

"నిజం తెలుసుకుందాం రాండ్రి," అని నరేశ్ వాళ్లను బుచ్చయ్య ఇంటికి నడిపించాడు. బుచ్చయ్య విజేందర్‌కు మేనమామ. కిందటేడే ఆన్ గ్రిడ్ పెట్టించుకుని, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి చూపించే రకం. ఆ రోజు అదృష్టం బాగుండి, లైను రిపేరని ఊరంతా ఓ అరగంట కరెంటు తీసేశారు. నడినెత్తిన ఎండ మండిపోతోంది. మిద్దె మీద సోలార్ పలకలు తళతళలాడుతున్నాయి. ఆ పలకల కిందే బుచ్చయ్య బనీను విప్పేసి, విసనకర్ర ఊపుకుంటూ, చెమటతో తడిసి ముద్దయి కూర్చున్నాడు.

"ఏంది మామా? నీది ఆన్ కదా?" అన్నాడు విజేందర్ నోరు తెరిచి.

"ఆనే అల్లుడా! కరెంటు ఉంటే ఆనే! కరెంటు పోతే గిది గూడ పోతది. సూర్యుడు నెత్తి మీదున్నా సరే, సప్పుడు చెయ్యది."

"లైను మీద పని చేసేటోళ్లు ఉంటరు కదన్నా," అన్నాడు నరేశ్. "మనింటి కరెంటు ఎన్కకు పోతే వాళ్లకు షాక్ కొడ్తది. అందుకే దానంతటదే బంద్ అయితది. బిల్లు తగ్గాలంటే మాత్రం గిదే మంచిది. మామది తప్పేం లేదు."

"నాకు ముందుగాల ఎవడన్న చెప్పిండా గీ సంగతి?" అని బుచ్చయ్య విసనకర్రతో నరేశ్‌నే కొట్టబోయాడు.

విజేందర్ తిరిగి వస్తూ దారి పొడుగునా "ఆన్ అంటే ఆఫేనా?" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. ఆఫ్ గ్రిడ్ అయితే ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ నిండదు, లైను ఆసరా ఉండదు. అటు తిప్పీ ఇటు తిప్పీ మల్లిక లెక్క హైబ్రిడ్ దగ్గరే ఆగింది. ఇక మిగిలింది అత్త.

మల్లిక బతిమాలింది. అలిగింది. అన్నం మానేసినట్టు నటించి, ఆకలికి ఆగలేక సాయంత్రమే తినేసింది. ఈదమ్మ కదల్లేదు. "గది విత్తనం కాదత్తమ్మా!" అంటే, "పేరు గదే కదా!" అంది.

అక్కడ దొరికింది మల్లికకు సందు.

"పేరే కదా నచ్చనిది? పేరు మారుద్దాం! రెండుసార్లు పిల్లలు దక్కకపాయె. దక్కని ఇంట్ల పేరు మారుస్తరా, లేదా?"

ఏదో నోటికొచ్చి అనేసిందే తప్ప అందులో అంత లోతుందని మల్లికకే తెలియదు. ఈదమ్మ మాత్రం చింతపండు వదిలేసి కోడలి వైపు తిరిగింది.

"ఉత్తగ మార్చరు పిల్లా," అంది మెల్లగా. "పెంట మీద ఏసి ఎత్తుకోవాలె."

ఇది ఆ పక్క ఊళ్లలో అందరికీ తెలిసిన ఆచారమే. పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, కొత్తగా పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. వేరే మనిషి ఎత్తుకుంటుంది. తల్లి దోసెడు తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంటుంది. ఇక వాడు పారేసినవాడు, వాడి మీద ఎవరి కన్నూ పడదు. పేరు పెంటయ్య.

మర్నాడు హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టె దింపిన నరేశ్ ఈ సంగతి వినగానే బిక్కచచ్చిపోయాడు.

"అవ్వా! పెంటకుప్ప మీద పెట్టొచ్చని వారంటీల లేదు!"

"పెట్టొద్దని ఉన్నదా?"

నరేశ్ కాగితం ముందుకూ వెనక్కూ తిప్పాడు. తడవకూడదని ఉంది, ఎత్తు నుంచి పడకూడదని ఉంది. పెంట మాట ఎక్కడా లేదు.

ఇక చూడాలి ఆ ఊరేగింపు! చాట ఆ బరువుకు ఆగదని తెలిసి, పెట్టె మీదే చాట బోర్లించారు. విజేందర్ ఒక పక్క, నరేశ్ ఒక పక్క పట్టుకుని, ఎండిన పెంట ఏరి ఏరి దాని మీద దింపారు. ఊరి ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాలనర్సమ్మ ముందుకొచ్చి, పెట్టె మీద చెయ్యేసి, "నాకు పెంటల దొరికిండు, కొంటవా పిల్లా?" అంది గంభీరంగా. మల్లిక దోసెడు తవుడు ఆమె కొంగులో పోసింది. నవ్వాపుకోలేక సగం కింద పోసింది. ఈదమ్మ పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని చెవి ఎక్కడుందో వెతికి, తీగలు దూర్చే బొక్కలో మూడుసార్లు పిలిచింది.

"పెంటయ్యా! పెంటయ్యా! పెంటయ్యా!"

నరేశ్ కూడా ఆ పూటంతా, "పెంటయ్యకు ఈ తీగ, పెంటయ్యకు ఆ తీగ," అంటూనే బిగించాడు.

గుడ్లలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైన సాయంత్రమే గాలిదుమారం లేచింది. రేకులు ఎగిరాయి, స్తంభాలు ఒరిగాయి, ఊరంతా చీకటి. మల్లిక ఒక్క గెంతులో మిషన్ దగ్గరికి చేరింది. లోపల దీపం వెలుగుతోంది! "పెంటయ్య లేచిండు!" అని ఆమె వేసిన కేకకు గోడ మీది బల్లి కింద పడింది.

ఆ కేక ఊరంతా విన్నది. ఇంకేముంది, ఒక్కొక్కరే ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఆఖరికి బుచ్చయ్య టేబుల్ ఫ్యాన్‌తో సహా దిగాడు. విజేందర్ పెద్దమనిషిలా అందరికీ ప్లగ్గులు చూపిస్తూ, టీవీలో క్రికెట్ మ్యాచ్ కూడా పెట్టాడు. మల్లిక చూపు పెట్టె మీదే ఉంది. ఇన్వర్టర్ మీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. తెల్లారేదాకా ఆగదు. వచ్చినవాళ్లంతా సొంతవాళ్లే, ఎవరినని లేపి పొమ్మంటుంది? "జర చూడుండ్రి, గుడ్లకు..." అని గొణిగింది. మ్యాచ్ గోలలో ఎవరికీ వినబడలేదు.

అప్పుడు వచ్చింది ఈదమ్మ, చీపురు తిరగేసి పట్టుకుని.

"లేవుండ్రి! మా పెంటయ్య నిన్నగాక మొన్న పుట్టిన పసోడు. గిందరిని మోస్తడా?" ముందు కొడుకు టీవీ పీకింది. తర్వాత ఫోన్లు పీకి గంపలో వేసి వాకిట్లో పెట్టింది. "బుచ్చన్నా, నీ ఇంట్ల ఆన్ ఉన్నది కదా? గాడికే పో!"

బుచ్చయ్య ఫ్యాన్ చంకలో పెట్టుకుని పోయాడు. ఇల్లంతా చీకటి చేసి, ఒక్క మిషన్ దీపం మాత్రం ఉంచి, ఈదమ్మ గడపకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. చేతిలో చీపురు అలాగే ఉంది. మల్లిక గీతల వంక చూస్తూ అలాగే కునికింది.

లేచేసరికి ఎండ కప్పు మీదికెక్కింది. అడుగంటిన గీతలు మళ్లీ పైకి లేస్తున్నాయి. మిషన్ అద్దం వెనక తడి తడి ముక్కొకటి పెంకు బద్దలు కొట్టుకుని బయటికొచ్చింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత ఇక లెక్కేముంది, నల్లవి, పసుపువి, మచ్చలవి, ఒకదాని నెత్తి మీద ఒకటి పడుతూ కిచకిచమని ఒకటే గోల. మల్లిక ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. మొగుడిని పట్టుకుని గిర్రున తిప్పేసింది. ఆరిన పిల్లనొకదాన్ని తీసి అత్త దోసిట్లో పెట్టింది. ఈదమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని ముక్కు చీదుకుంది.

వాకిట్లో బాలనర్సమ్మ గొంతు వినబడింది. "ఈదమ్మా! ఇయ్యాల చెలకల పనున్నది, ఒక మనిషి తక్కువ పడ్డది. మల్లికను పంపిస్తవా?"

ఈదమ్మ కోడిపిల్లను కొంగులో దాచుకుని గడప దగ్గరికి వెళ్లింది. కళ్లు తుడుచుకోలేదు.

"రాదు బాలనర్సమ్మా. మా కోడలు బాలింత."