బెడ్డో బంకులో డీజిల్

కొండ సగం ఎక్కేసరికి కారు మొండికేసింది. గెథిన్ ప్రోబర్ట్ యాక్సిలరేటర్‌ని నేలకంటా తొక్కినా అది మూలుగుతుందే తప్ప ముందుకు పోదు. ఎదురుగా మీటర్ల మధ్య పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. వెనకాల ఎవడిదో హారన్ మోత. పక్క సీట్లో ఎమ్లిన్ ముసలాయన, మోకాళ్ల మధ్య ఆక్సిజన్ సిలిండర్, ఒళ్లో టోపీ.

"దీనికీ నా జబ్బే వచ్చినట్టుందిరా," అన్నాడు ఎమ్లిన్. ఆ ఒక్క ముక్క అనడానికి రెండు సార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

ఎమ్లిన్ గెథిన్‌కి చుట్టం కాదు. గెథిన్ తండ్రితో కలిసి బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. తండ్రి పోయాక ఆ ఇంటికి మిగిలిన పెద్దదిక్కు. గనిలో మింగిన దుమ్ము ఆయన ఛాతీలో గడ్డకట్టింది. కొండ అవతలి ఆసుపత్రిలో ప్రతి గురువారం ఊపిరి తరగతి పెడతారు, పాడైన ఛాతీతో ఎలా బతకాలో నేర్పుతారు. అందులో చోటు కోసం ఎమ్లిన్ ఏడాది పైన ఎదురుచూశాడు. ఊరి బస్సు ఎప్పుడో పీకేశారు. ఆసుపత్రి బండి కావాలంటే ఫోను చెవికి పెట్టుకుని సంగీతం వింటూ కూర్చోవాలి. అందుకే గెథిన్ కారు.

ఆ రోజు కారు తిప్పుకుని, లోయలోకి జారుకుంటూ ఇంటికొచ్చారు. మర్నాడు ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఎంతో మర్యాదగా చెప్పింది. ఇంకొక్క తరగతి తప్పితే చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారట, మళ్లీ వరసలో చివర నిలబడాలట. అంతకాలం ఆ ఛాతీ ఆగుతుందా అని ఆ అమ్మాయి అడగలేదు. అడగమని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు.

కాబట్టి వచ్చే గురువారం కారు కొండెక్కాలి.

ఆదివారం గెథిన్ బావమరిది రాయ్‌స్టన్ వచ్చాడు. గెథిన్ భార్య నెస్టాకి తమ్ముడు. టైర్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు గానీ ఇంజన్ల గురించి మాట్లాడితే తానే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. చూడ్డమే, ముట్టుకోలేదు.

"ఏం తాగిస్తున్నావు బావా దీనికి?"

"డీజిల్."

"ఎక్కడిది?"

"అందరూ పోయించుకునే చోటే. సూపర్‌మార్కెట్ బంకులో."

"మరింకేం. అది డీజిలా? పాలు తీసేశాక గిన్నె కడిగిన నీళ్లు. కంపెనీ డీజిల్‌లో లోపల కడిగే మందుంటుంది. దీంట్లో ఏముంది? ఉల్లిగడ్డలు కొన్నప్పుడు ఇచ్చినట్టే కార్డు మీద పాయింట్లు. ఇంజన్‌కి పాయింట్లెందుకు?"

"మరేం చెయ్యమంటావు?"

"ట్యాంకు అడుగంటనివ్వు. తర్వాత బెడ్డో బంకుకెళ్లి నింపించు."

పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు తిప్పుతున్న నెస్టా చెయ్యి ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఆ పేరెత్తకు రాయ్‌స్టన్."

కూమ్ ఈథిన్ లోయలో పుట్టినవాడెవడూ బెడ్డో బంకులో డీజిల్ పోయించడు. గని కార్మికుల పెద్ద సమ్మె ఏడాది, ఊరంతా పస్తులుంటే, సమ్మె విరగ్గొట్టేవాళ్లని కిటికీలకు ఇనప జాలీ బిగించిన బస్సులో గనికి తోలుకుపోయేవారు. ఆ బస్సుకి డీజిల్ పోసింది బెడ్డో. గని మూసేశారు, సమ్మె ఓడింది, ఆ బెడ్డో కూడా చచ్చి మట్టయ్యాడు. ఊరు మాత్రం ఆ బంకు వైపు తిరగలేదు. అక్కడ చాక్లెట్ కొన్న పిల్లల్ని చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చిన తల్లులున్నారు. బంకు మీద ఇప్పుడు పెద్ద కంపెనీ బోర్డుంది. దాని మీద మెరిసిపోయే ఇంజన్ బొమ్మ, 'లోపల శుభ్రం చేస్తుంది' అన్న రాత. ఎవడు దూరి చూసొచ్చాడో.

గెథిన్‌కి ఏమీ తేలలేదు. పదిమందిని అడిగితే పదిమందీ అనుభవమే చెప్పారు. తను పాడే పాటల బృందంలో లావుగొంతు మనిషి, సూపర్‌మార్కెట్ పెట్రోల్ వల్ల తన కారు నాశనమైందన్నాడు. అతని పక్కనే నిలబడి పాడేవాడు, కారు పుట్టినప్పటి నుంచీ అదే పోస్తున్నానని, గుర్రంలా పోతుందని అన్నాడు. మందుల షాపులో ముసలమ్మ, నాకు కారు లేదు నాయనా, కానీ మా తమ్ముడు కంపెనీదే పోయిస్తాడు, వాడెప్పుడూ వెధవే అంది. ఇందులో ఏది సాక్ష్యం, ఏది కాదు?

బుధవారం పొద్దున ట్యాంకు అడుగంటింది. వాన పడుతోంది. గెథిన్ కోటు టోపీ కళ్ల మీదికి లాక్కుని బెడ్డో బంకులోకి తిప్పాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఉక్కు కర్మాగారంలో యూనియన్ జెండా మోసినవాడు, దొంగలా అటూ ఇటూ చూసి కారు దిగాడు.

బంకులో అప్పుడే ట్యాంకర్ లారీ సరుకు దింపుతోంది. తెల్ల లారీ, ఏ కంపెనీ పేరూ లేదు. డ్రైవర్ గొట్టం పక్కన నిలబడి సాండ్‌విచ్ తింటున్నాడు.

"ఎక్కడ నింపుకొచ్చావు?" అడిగాడు గెథిన్.

"కార్డిఫ్ డిపోలో."

"సూపర్‌మార్కెట్ వాళ్లకి ఎక్కడి నుంచి వస్తుంది?"

"అక్కడి నుంచే. నిన్న వాళ్లకే మోశాను."

"ఈ లారీలోనా?"

"నాకున్నది ఈ లారీయే కదన్నా."

గెథిన్ పంపు గొట్టం చేతిలోకి తీశాడు గానీ ట్యాంకులో పెట్టలేదు. "మరి తేడా ఏంటి?"

"నింపేటప్పుడు ఈ కంపెనీ వాళ్లది ఏదో మందు కాస్త కలుస్తుంది. వాళ్లవాళ్ల రహస్యం."

"ఆ మందు పనిచేస్తుందా?"

"నాకు మొయ్యడానికే ఇస్తారు జీతం. రుచి చూడ్డానికి కాదు," అని డ్రైవర్ సాండ్‌విచ్ మిగతా ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

అంటే నలభై ఏళ్లుగా ఊరంతా వెలేసిన డీజిలూ, ఊరంతా పోయించుకుంటున్న డీజిలూ ఒకే లారీ కడుపులోంచి వచ్చినవా? గెథిన్ బుర్ర గిర్రున తిరిగింది. ఆ తిరుగుడులోనే అర ట్యాంకు పోసేశాడు.

లోపల గల్లా దగ్గర బెడ్డో కూతురు గ్లెండా కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. "మీరు ప్రోబర్ట్‌గారి అబ్బాయి కదూ?"

"అవును."

"మీ నాన్నగారు మా కిటికీ మీద ఉమ్మేసి పోయేవారు. తుడిచేది నేను. నాకప్పుడు పదేళ్లుంటాయేమో."

గెథిన్ ఏమనాలి? అయ్యో అనాలా, బాగా చేశాడనాలా? కార్డు పెట్టి డబ్బు కట్టాడు.

"ఎవరికీ చెప్పన్లెండి," అంది గ్లెండా. ఆ మాట కిటికీ మీద ఉమ్మిన ఉమ్మికన్నా గట్టిగా తగిలింది.

గురువారం నెస్టా ఇద్దరినీ బాగా ముందుగానే బయల్దేరదీసింది. రొట్టెలు కాగితంలో చుట్టి ఎమ్లిన్ కోటు జేబులో పెట్టింది. డీజిల్ సంగతి ఆమెకి తెలుసు. ఎమ్లిన్‌కి తెలియదు. తెలిస్తే కారెక్కడు.

కొండ మొదలైంది. మొదటి మలుపు బాగానే ఎక్కింది. గెథిన్ గుండెలో, ఎందుకో తెలీదు, సంతోషమూ సిగ్గూ రెండూ కలిసి లేచాయి. రెండో మలుపులో మళ్లీ అదే మూలుగు. అదే పసుపు దీపం. పోయిన వారం ఆగిన గొర్రెల కంచె దగ్గరే కారు చతికిలబడింది.

"పోయింది," అన్నాడు ఎమ్లిన్. "నా చోటు పోయిందిరా గెథిన్."

"పోలేదు బాబాయ్. చుట్టూ తిరిగి పోదాం. కిందికి దిగి, న్యూపోర్ట్ పెద్దరోడ్డు మీదుగా."

"అది నరకమంత దూరం."

"బల్లపరుపు రోడ్డు. ఈడ్చుకుంటూ అయినా పోతుంది."

లోయ దిగారు. పెద్దరోడ్డెక్కాక గెథిన్‌కి తిక్క పుట్టింది. డీజిల్ మీద, కంపెనీ బోర్డు మీద, రాయ్‌స్టన్ మీద, తన మీద. ఆ తిక్కంతా పాదంలోకి దిగింది. తొక్కి పట్టాడు. లారీల వరసని దాటుకుంటూ, వాన చిమ్ముకుంటూ, కారు గట్టిగా అరుస్తూ పోయింది. కాసేపటికి లోపల ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ఎమ్లిన్ సిలిండర్ గట్టిగా పట్టుకున్నాడు. ఇక తగలబడుతుందనుకున్నాడు గెథిన్. అయినా కాలు తియ్యలేదు. ఇంకాస్త దూరం పోయాక వాసన పోయింది. పసుపు దీపం ఆరింది. కారు ఒక్కసారిగా బరువు దించుకున్నట్టు ముందుకు దూకింది.

"ఏం చేశావురా దీన్ని?"

గెథిన్ అబద్ధం ఆడదామనుకున్నాడు. నోరు రాలేదు. "బెడ్డో బంకులో డీజిల్ పోయించాను బాబాయ్."

ఎమ్లిన్ టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. తర్వాత, "కారాపు," అన్నాడు.

"ఈ రోడ్డు మీద ఆపకూడదు."

"నేను నడిచిపోతాను."

"కారు నుంచి మీ గుమ్మం దాకా నడవలేవు నువ్వు."

"అయితే నువ్వు మాట్లాడకు."

ఆసుపత్రి దగ్గరకి ఆలస్యంగానే చేరారు. తలుపు దగ్గర నర్సు గడియారం చూసింది, ఎమ్లిన్ మొహం చూసింది, గడియారం సంగతి మర్చిపోయింది. లోపల ముసలాళ్లంతా కుర్చీల్లోంచి లేస్తూ కూర్చుంటూ ఆయాసపడుతున్నారు. గెథిన్ గోడకానుకుని నిలబడ్డాడు.

"ఇంట్లో కూర్చునే ఉంటున్నారా?" నర్సు ఎమ్లిన్‌ని అడుగుతోంది. "అలా కూర్చుంటే ఛాతీలో అంతా పేరుకుపోతుంది తాతగారూ. రోజూ కాస్త ఆయాసం వచ్చేదాకా తిరగాలి. తిరిగితేనే కదులుతుంది."

గెథిన్ ఆ మాట విన్నాడు. విని ఉలిక్కిపడ్డాడు. ఉక్కు కర్మాగారం నడిచినన్నాళ్లూ తను ఇదే కారులో రోజూ ఆ పెద్దరోడ్డు మీదే పనికెళ్లొచ్చాడు. అప్పుడూ సూపర్‌మార్కెట్ డీజిలే. కారు ఒక్కరోజూ దగ్గలేదు. కర్మాగారం మూసి తనని ఇంటికి పంపారు. కారూ ఇంటిపట్టునే ఉండిపోయింది. రొట్టెల దుకాణం దాకా, పాటల బృందం దాకా. పొగ గొట్టంలో మసి పేరుకుపోదూ మరి? ఇవాళ ఆ పరుగు వేడికి అదంతా కాలిపోయిందేమో.

లేదా, బెడ్డో డీజిల్‌లో మందు పనిచెయ్యడానికి కాస్త వేడి కావాలేమో.

తిరుగు ప్రయాణంలో కొండ మీదుగానే వచ్చారు. కారు గొర్రెల కంచె దాటింది, అసలు కంచె ఉన్నట్టే తెలియనట్టు. ఎమ్లిన్ జేబులోంచి రొట్టె తీసి సగం గెథిన్‌కి ఇచ్చాడు. కోపం తగ్గిందన్న మాట.

"బెడ్డోగాడి డీజిల్‌కి ఇంత దమ్ముందంటావా?" అన్నాడు. గొంతులో నిజమైన బాధ.

"పొద్దున ఆగినప్పుడూ ట్యాంకులో అదే ఉంది కదా బాబాయ్."

"మరి దేనికి బాగుపడింది?"

"రోడ్డుకేమో. పరుగుకేమో."

"ఏమో, ఏమో. యూనియన్ మీటింగుల్లో ఇలాగే మాట్లాడేవాడివా?"

గెథిన్ ట్యాంకర్ సంగతి కూడా చెప్పేశాడు. ఒకే డిపో అని, ఒకే లారీ అని. ఎమ్లిన్ రొట్టె నమలడం ఆపాడు.

"అయితే ఇన్నాళ్లూ మనం దేన్ని వెలేశాంరా?"

"డీజిల్‌ని కాదు బాబాయ్. బెడ్డోని."

"బెడ్డో చచ్చాడు కదా."

గెథిన్‌కి గ్లెండా గుర్తొచ్చింది. చెప్పలేదు.

ఇంటికొస్తే రాయ్‌స్టన్ వాకిట్లోనే ఉన్నాడు. "ఎక్కిందా? నే చెప్పలా బావా? మంచి డీజిల్ పడితే అంతే." పెద్దరోడ్డు సంగతి చెప్తే, "అది మందు లోపలికి పాకడం. పాకిందంటే మందు ఉందనే కదా," అన్నాడు. మరి కర్మాగారానికి తిరిగిన ఆరేళ్లూ ఆ మందు లేకుండా ఎలా నడిచిందంటే, అప్పుడు ఇంజన్ కొత్తదన్నాడు. ఏ తలుపు మూసినా వాడు కిటికీలోంచి వస్తాడు. కంపెనీ బోర్డుకి వాడి నోరు తోడుంటే ఇంక ప్రకటనలెందుకు?

మళ్లీ ట్యాంకు ఖాళీ అయ్యేసరికి మరో బుధవారం వచ్చింది. గెథిన్ ఎమ్లిన్‌ని ఎక్కించుకుని బయల్దేరాడు. నాలుగు రోడ్ల దగ్గర ఆగాడు. ఎడమకి బెడ్డో, కుడికి సూపర్‌మార్కెట్. రేపు కారు ఆగితే చోటు పోతుంది. బెడ్డో డీజిల్‌తో పోయిన వారం చేరామన్నది నిజం. ఎందుకు చేరామో తెలియదన్నదీ నిజమే.

"ఎడమకి తిప్పనా బాబాయ్? నీ ఊపిరి కోసం. ఒక్క పది వారాలు, తరగతులు అయ్యేదాకా."

"కుడికి తిప్పు."

"ఆగిపోతే?"

"ఆగిపోతే దిగి తోస్తావు. పెద్దరోడ్డు మీద పోదాం. నువ్వన్నది నిజమో ఆ రాయ్‌స్టన్‌గాడు అన్నది నిజమో రేపు తేలిపోతుంది."

"తేలదు. ట్యాంకు అడుగున బెడ్డోది ఇంకా మిగిలే ఉంటుందంటాడు వాడు."

ఎమ్లిన్ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగాక కళ్లు తుడుచుకుని కుడివైపు చెయ్యి చూపించాడు.

సూపర్‌మార్కెట్ బంకులో గెథిన్ గొట్టం తీసి ట్యాంకులో పెట్టాడు. నొక్కలేకపోయాడు. అవతల వరసలో తెల్ల ట్యాంకర్ ఒకటి సరుకు దింపుతోంది. అదే లారీనో, వేరే లారీనో. పేరు లేని లారీని ఎలా పోల్చుకుంటాడు? కారు లోపల ఎమ్లిన్ వేలి కణుపులతో అద్దం మీద కొట్టాడు.

"పొయ్యరా. ఊపిరి నాది."

గెథిన్ పోశాడు. వాసన చూశాడు. డీజిల్ వాసనే.