ఉప్పునుంతల బస్సు బోర్డు

బస్సు బోర్డుల కోసం రేఖ గీసిన అక్షరాలు చూసి డిపో ఆఫీసరు పెదవి విరిచాడు.

"గింత సాదాగ ఉంటె ఎట్లమ్మా? జర మెలికలు, నీడలు పెట్టరాదు?"

"మెలికలు పెడ్తె దూరంకెల్లి అక్షరం అలుక్కపోతది సార్. ఒక్క బస్సుకు పెట్టి చూడుండ్రి," అంది రేఖ.

తెలకపల్లిలో కూలీల ఇంట పుట్టి హైదరాబాదులో డిజైన్ చదివిన రేఖ, ఏడాదిగా ఈ అక్షరాల పనిమీదే కూర్చుంది. గీతలన్నీ ఒకే మందంలో ఉంచింది. వత్తులు పై అక్షరానికి అంటుకోకుండా కిందికి జరిపింది. 'వనపర్తి' అన్న పేరులో 'వ', 'ప' ఒకేలా కనిపించకుండా 'ప' తలకట్టును ఎడంగా పెట్టింది.

ఆఫీసరు సరేనన్నాడు. కొత్త బోర్డు బిగించిన రోజు ఉదయం ఇద్దరూ నాగర్‌కర్నూల్ బస్టాండుకు వచ్చారు. పక్కనే నాట్లకు పోయే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో రంగమ్మ ఈమధ్యే చదవడం నేర్చుకుంది. అయినా బస్సు బోర్డు మాత్రం ఆమెకు ఏనాడూ కొరుకుడుపడలేదు.

గేటు దగ్గర ఆ కొత్త బోర్డు బస్సు మలుపు తిరిగింది. రంగమ్మ కళ్లు చికిలించింది.

"ఉ... ప్పు... నుంతల!" అని ఒక్కసారిగా అరిచింది. "రాండ్రే, మన బస్సే! ఎవ్వల్నీ అడగలే, నేనే సదివిన!"

ఆడవాళ్లంతా నవ్వుతూ ఆమె వెంట పరుగెత్తారు.

"వనపర్తి, గద్వాల బస్సులకు గూడ గివే పెట్టిద్దామమ్మా," అన్నాడు ఆఫీసరు.

రేఖ ఆనందంతో నవ్వింది. తల గట్టిగా ఊపింది.