ఆరో పిడి

జనవరిలో సిన్నోవ ఒక విలేకరితో మాట్లాడింది. తను పనిచేసే సాల్మన్ ఫ్యాక్టరీలో కోతకు ముందే వాటంతటవే చచ్చిన చేపల్ని కూడా మంచివాటితో కలిపి పెట్టెల్లో సర్దుతున్నారని చెప్పింది. పేరు దాచమని అడగలేదు. తనిఖీ వాళ్లు వచ్చి నిజమేనని తేల్చారు. ఫ్యాక్టరీ మూడు వారాలు మూతపడింది. ఆ నార్వే దీవిలో ఉన్నది నాలుగు వందల మంది. ఫ్యాక్టరీ జీతం రాని ఇల్లు లేదు.

ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. మాట్లాడటం నీ హక్కు అని మేనేజరే అన్నాడు. భోజనాల గదిలో మాత్రం ఆమె బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. రొట్టెలో ఏం పెట్టుకున్నారో దాచుకోండి, రేపు పేపర్లో పడుద్ది అని ఒకామె అంటే గదంతా నవ్వింది. ఇల్లు అమ్మి పోదామంటే, దీవిలో ఇళ్లు కొనేది ఫ్యాక్టరీ ఒక్కటే.

ఏప్రిల్‌లో తండ్రి హాల్డోర్ పోయాడు. శవపేటికకు ఆరు పిడులుంటాయి. వాటిని పట్టేది ఇరుగుపొరుగు మగవాళ్లు, అడగకముందే వస్తారు. ఈసారి రాలేదు. ఆమె ఫోన్లు చేసింది. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి పడవ మరమ్మతు.

ముప్ఫై ఏళ్లు హాల్డోర్‌తో ఒకే పడవలో వేటకెళ్లిన అర్విద్ వచ్చి, టోపీ తియ్యకుండా వంటింట్లో నిలబడ్డాడు.

"ఆరుగురం వస్తాం. పొరబడ్డానని పేపరుకి ఒక్క ముక్క రాసియ్యి."

"పొరబడలేదుగా, అర్విద్."

"పొరబడ్డావని ఎవరన్నారమ్మాయ్? అబద్ధమైతే ఎప్పుడో మర్చిపోయేవాళ్లం."

రాయనంది. పోసిన కాఫీ తాగకుండానే అతను వెళ్లిపోయాడు.

అంత్యక్రియల రోజు ప్రతి ఇంటి ముందూ సంతాపంగా జెండా సగానికి దించే ఉంది. చర్చి నిండింది. ప్రార్థన అయ్యాక పేటిక దగ్గరికి నలుగురే వచ్చారు: అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఇద్దరు బంధువులు, చర్చి కాపలాదారు, శవవాహనం డ్రైవరు. సిన్నోవ వెళ్లి ఐదో పిడి పట్టుకుంది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి మూడో వరుసలోంచి అర్విద్ లేచి ఆరోది పట్టుకున్నాడు.

"ఎడమ కాలు ముందు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

సమాధి దగ్గర అతను చెయ్యి కలపలేదు. బంధువులు పడవ టైమైందని వెళ్లిపోయారు. అంత్యక్రియలయ్యాక అందరికీ ఇచ్చే కాఫీ కోసం ఆమె చర్చి సభాగదిలో నలభై కప్పులు సర్ది ఉంచింది. గంటసేపు ఎదురుచూసి, వాటిని కడక్కుండానే అలమరలో పెట్టేసింది. సోమవారం ఆరింటికి పనిలోకి వెళ్లింది.