చచ్చిన నీలం

ఆనందబాబు గారి ఎడమకంటికి శుక్లం తీసిన మూడో రోజు, శనివారం పొద్దున, జామకాయల సంచీ పట్టుకుని మోరిస్‌విల్‌లో వాళ్లింటికి వెళ్లాను. దారి పొడుగునా ఒక జోకును నోట్లో ఊరబెట్టుకున్నాను. తలుపు తెరుచుకోగానే వదిలేశాను.

"అన్నా! ఆన్‌సైట్ వచ్చిన పాతికేళ్లకి నీ సైట్ ఆన్ అయింది!"

తలుపు తీసిన దీనమ్మ వదిన నవ్వలేదు. నా జోకులకు ఆవిడ ఎప్పుడూ నవ్వదు, తిడుతుంది. ఆ రోజు తిట్టలేదు కూడా.

"పొద్దుటినుంచీ ఆ పెట్టె ముందేసుకుని కూర్చున్నారు తమ్ముడూ. టిఫిన్ ముట్టలేదు. నువ్వైనా చెప్పు."

ఆ పెట్టె నాకు తెలుసు. ఆనందబాబు గారికి పాత స్విస్ వాచీల పిచ్చి. ఆయనది వాచీల పిచ్చి, నాది వాచాలత. ఇద్దరం ఒకే ఏడు, ఒకే ప్రాజెక్టు మీద, ఒకే వీసా మీద అమెరికాలో దిగాం. నేను మాటలు పోగేసుకుంటే ఆయన రంగులు పోగేసుకున్నారు. అవును, రంగులే. పాతరోజుల్లో వాచీ కంపెనీలు నలుపూ తెలుపూ డయల్స్ వేలల్లో చేసి, ఎప్పుడో ఓ పిడికెడు వాచీలకు మాత్రం వింత రంగులు వేసేవి. అరవై ఏళ్ల తర్వాత ఆ పిడికెడుకే గిరాకీ. అయితే ఆ రంగు పుట్టుకతో వచ్చిందా, తర్వాత ఎవడైనా పూశాడా అన్నది తేల్చాలి. అదీ విద్య.

ఆ విద్య ఆయనకు చీరాలలో అబ్బింది. వాళ్ల నాన్న నూలుకు రంగులు వేసేవాడు. అందుకే డీలర్లు సాల్మన్ పింక్ అన్నదాన్ని ఈయన ఉల్లిపొర అనేవారు. ఎండకు మాగి గోధుమ తిరిగిన నలుపు ఆయన లెక్కలో నశ్యం రంగు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఎవరో ఒకరు తాతగారి వాచీ తెచ్చేవారు. ఆయన దాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, "అసలుది" అనో "పూసింది" అనో చెప్పేవారు. ఇక దానిమీద అప్పీలు లేదు.

ఆ రోజు ఆయన వెనక అద్దాల సన్‌రూమ్‌లో, ఎండలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా బల్ల మీద తొమ్మిది వాచీలు వరసగా ఉన్నాయి. డాక్టరిచ్చిన నల్లద్దాలు పక్కన పడేశారు. అరచేత్తో ఒక కన్ను మూసి ఒక వాచీని చూస్తున్నారు, చెయ్యి మార్చి రెండో కన్ను మూసి మళ్లీ అదే వాచీని చూస్తున్నారు. కంటి పరీక్షకు తానే డాక్టరూ తానే రోగీ.

"రారా దివాకరం. కూర్చో. ఇదేం రంగు?"

"ఏంటన్నా, అద్దాలు పెట్టుకోవద్దా? ముందు జామకాయ తిను."

సంచీ అందించాను. ఆయన సంచీ అందుకోలేదు. నా మణికట్టు పట్టుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను పెట్టుకొచ్చింది ఏ వాచీయో.

ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆయన దగ్గర ఒక నీలం డయల్ వాచీ ఉండేది. అది ఆయన ఈ దేశంలో కొన్న మొట్టమొదటి పాత వాచీ. నెమలి కంఠం నీలం. ఒక రోజు దాన్ని నా ముందు పెట్టి, "ఈ నీలం చచ్చిపోతోందిరా. ఏడాదిగా చూస్తున్నా, బూడిదైపోతోంది" అన్నారు. నేను చూశాను. నీలం నీలంలాగే ఉంది, నిగనిగలాడుతూ. ఆయన కన్ను ముందు నా కన్నెంత అనుకున్నాను. "చచ్చిందానికి పాడె నేను మోస్తాలే అన్నా, నాకిచ్చెయ్" అన్నాను. ఎనిమిది వందల డాలర్లకు ఇచ్చేశారు. ఆ సాయంత్రమే పక్కూరు రాలీలో ఒక డీలర్‌కి చూపించాను. పదకొండు వేలన్నాడు. రంగు చెక్కుచెదరలేదన్నాడు.

ఆదివారం చెబుదామనుకున్నాను. ఆదివారం ఆయన చాలా హుషారుగా ఉన్నారు. వచ్చేవారం అనుకున్నాను. వాచీకి మూడు ముళ్లుంటాయి, మూడూ కదులుతాయి. నాకు గుచ్చుకున్నది ఒక్కటే ముల్లు, అది కదల్లేదు.

అది చెప్పలేదు కాబట్టి తర్వాతవీ చెప్పలేకపోయాను. నీలం పోయాక ఆయన వరసగా తొమ్మిది వాచీలు కొన్నారు. డీలర్లు వాటిని మామూలు వెండి తెలుపు కింద అమ్మారు. "వెధవలకు తెలీదురా, ఇది లేత ఉల్లిపొర!" అని ఆయన పొంగిపోయేవారు. నా కళ్లకు అది సున్నం కొట్టినంత తెలుపు. తెలుపు అని నేనంటే, మరి ఆ నీలం సంగతేంటి అంటారు. అందుకని అవునన్నాను. తొమ్మిదిసార్లు అవునన్నాను.

శుక్లం ముదిరేకొద్దీ తెలుపు గోధుమగా, నీలం బూడిదగా కనిపిస్తుందట. నెమ్మదిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదట. అది ఆయనకు మొన్న డాక్టర్ చెప్పాడు. నాకు ఆ క్షణాన, నా చెయ్యి వదలకుండా ఆయన చెబితే తెలిసింది.

ఆయన ఎడమకన్ను మూసుకుని, పాత కంటితో నా వాచీ చూశారు. "చచ్చిందే. నేను నీకు అబద్ధం చెప్పలేదు." తర్వాత కుడికన్ను మూసుకున్నారు. చాలాసేపు చూశారు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

నిన్ననే తెలిసిందనవచ్చు. ఇప్పుడే అనవచ్చు. నోట్లో నాలుగు జోకులు కూడా కదిలాయి.

"ఇచ్చిన రోజే, అన్నా. సాయంత్రం రాలీలో చూపించా."

"ఎంతన్నాడు?"

చెప్పాను. ఆయన ఆ అంకె విన్నట్టు లేదు.

"ఈ తొమ్మిదీ ముందు నీకే చూపించా."

"చూపించావు."

"మూడోది చూపించినప్పుడు ఏమన్నావు?"

ఆయనే చెప్పారు. "కోసినా కన్నీళ్లు రాని ఉల్లి ఇదొక్కటే అన్నా, అన్నావు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నేను మీ వదిన్ని పిలిచి మరీ చెప్పా."

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"చర్చిలో గిటార్ వాయించే కాలేబ్ లేడూ," అన్నారాయన, "వాళ్ల తాతగారి పచ్చ డయల్ వాచీ తెచ్చాడు. పోయినేడు. పూసిన రంగని చెప్పా. పాపం, పాత సామాన్లతో పాటు గరాజ్ సేల్‌లో అయినకాడికి అమ్మేశాడు. ఆ రోజు నువ్వు నా పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డావు."

"అది నిజంగా పూసిందేమో అన్నా…"

"నువ్వు చూశావుగా. చెప్పు. పూసిందా?"

నాకు ఆ పచ్చ గుర్తుంది. లేత తమలపాకు పచ్చ, అంచుల్లో పిసరంత ముదురు. అలా సహజంగా ముదరడాన్ని ఎవడూ పూయలేడని నాకు నేర్పింది ఆయనే.

"కాదన్నా. అసలుదే."

ఆయన తల ఊపారు. తర్వాత తొమ్మిది వాచీలనూ ఒక్కొక్కటిగా నా ముందుకు జరిపారు. "రంగు చెప్పు."

"తెలుపు."

"ఇది?"

"తెలుపే."

"ఇది?"

తొమ్మిదింటికీ చెప్పాను. ఒక్కోదాన్ని పక్కకు పెట్టేటప్పుడు, ఆయన తన చేత్తో రాసి తగిలించిన చీటీని తెంపారు. ఉల్లిపొర, లేత ఉల్లిపొర, గంధం, మీగడ. అన్నీ గుండ్రటి అందమైన అక్షరాలు. కంట్లోంచి ఒక శుక్లం తీయించుకుంటే, పెట్టెలోంచి తొమ్మిది శుక్లాలు బయటపడ్డాయి. ఇలాంటి మాట తడితే అప్పటికప్పుడు పైకి అనకుండా నేను ఉండలేను. ఆ రోజు ఉన్నాను.

పట్టీ విప్పి నీలాన్ని బల్ల మీద పెట్టాను. "తీసుకో అన్నా. నీదే."

"నేను వెల కట్టాను, మీరు కొనుక్కున్నారు," అన్నారాయన.

మీరు అన్నది ఎవర్నా అని వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. వదిన వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఒరే అను అన్నా. తిట్టు. కొట్టు."

"రేపు కాలేబ్‌తో మాట్లాడాలి. ఇంకా చాలామందితో మాట్లాడాలి. ఎవరెవరికి ఏం చెప్పానో రాసుకోవాలి," అని నల్లద్దాలు వెతికి పెట్టుకున్నారు. "వెళ్లి రండి, దివాకర్ గారూ. దీనా, కంట్లో మందు వేసే టైమైంది."

లేచాను. వాచీ బల్ల మీదే వదిలేశాను. కార్ స్టార్ట్ చేసి వెనక్కి తీస్తుంటే వదిన చెప్పుల్లేకుండా డ్రైవ్‌వేలోకి పరిగెత్తుకొచ్చింది. అద్దం దించాను. ఆవిడ కొంగులో చుట్టిన వాచీ తీసి నా ఒళ్లో పెట్టబోయింది.

"ఉంచండి వదినా. ఆయనదే అది. నేను తీసుకోను."

"తీసుకో తమ్ముడూ. ఇంట్లో ఉంటే చూస్తూ కూర్చుంటారు." ఆవిడ ఇంటివైపు ఒకసారి తిరిగి చూసింది. "వారం రోజులు కంట్లో నీళ్లు తిరక్కుండా చూసుకోమన్నాడు డాక్టర్."

చెయ్యి చాపాను.