మధ్యరకం దుర్భిణి

దబ్బనం బెజ్జంలోకి పురికొస మొదటిసారే దూరింది. కూర్మమ్మ దారపు కొనను తడిచెయ్యదు, వెలుతురుకేసి ఎత్తి పట్టుకోదు. యాభై నాలుగేళ్ళు వచ్చినా ఆమె కంటికి ఆ అవసరం రాలేదు. జూట్ మిల్లులో ఇరవై తొమ్మిదేళ్ళు గోనెసంచుల మూతులు కుట్టింది. అక్కడినుంచి దిగిపోయాక ధాన్యం వ్యాపారుల చిరుగు సంచులకు ఇంట్లోనే అతుకులు వేస్తోంది. దబ్బనాన్ని తోసి తోసి కుడి అరచేతి మధ్య చర్మం గవ్వలా గట్టిపడింది. ఆ చోట నిప్పు తగిలినా ఆమెకు ఆలస్యంగా తెలుస్తుంది.

వాకిట్లో ఆమె భర్త జగన్నాధం తుపాకీని గోనె తొడుగులోకి దించుతున్నాడు. తొడుగు నోరు దాటి గొట్టం రెండుసార్లు పక్కకు జారింది. మూడోసారి ఎడమచేత్తో నోరు తడుముకుని దూర్చాడు. కూర్మమ్మ అది చూసింది. చూడనట్టు దారం కొరికింది.

అతడి కుడికంటి నల్లగుడ్డు మీద పల్చని గంజిలాంటి పొర కమ్మి ఏడాదయింది. నీళ్ళు గ్లాసు పక్కన పోస్తున్నాడని గమనించిన రోజునుంచి ఆమె గ్లాసును నింపి చేతికే అందిస్తోంది. అతడు ఎందుకని అడగలేదు. ఊరి బడిలో కంటి వైద్య శిబిరం రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ అతడు పొలం పని ఉందన్నాడు. కంటికి ఆపరేషన్ అయిందని తెలిస్తే లైసెన్సు తిరగరాయరేమోనని అతడి భయం. పంటల కాపలాకని తండ్రికి ఇచ్చిన లైసెన్సు అది, తండ్రి తర్వాత ఇతనికి వచ్చింది. మిల్లులో ముప్పై ఏళ్ళు అతడొక మగ్గం నంబరు. కొండ దిగిన అడవి పందులు మొక్కజొన్న చేలను దున్నెయ్యడం మొదలయ్యాక, వాటిని కొట్టడానికి అనుమతి కాగితం పట్టుకుని రైతులే ఇంటికి వచ్చాక, అతడు తుపాకీ మావ అయ్యాడు. మొన్న రెండు పందులు వరసగా గురి తప్పించుకుపోయాయి. తుపాకీకి దుర్భిణి కావాలని అతడు నిర్ణయించాడు. ఆ ఆలోచన ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదు, ఎందుకంటే కంటి పొర సంగతి ఎవరికీ తెలియదు, ఒక్క మనిషికి తప్ప.

విజయనగరంలో తుపాకుల దుకాణం నడిపే మురళీమోహన్ గాజుబల్ల మీద మూడు పెట్టెలు తెరిచి పెట్టాడు.

"ఇది ఎయిర్ గన్నులు పట్టుకు తిరిగే కుర్రగుంటలు కొంటారు మావా. నీ తుపాకీ తన్నుకి నాలుగో రోజుకే లోపలి అద్దం కదిలిపోతాది. ఆ సివరిది మా దుకాణానికి అందం. దాన్ని కొన్నోడు ఇంకా రాలేదు. ఈ మధ్యది సూడు."

జగన్నాధం మూడింటినీ వీధికేసి తిప్పి, ఒక్కొక్కటీ కుడికంటికి ఆనించుకున్నాడు. ఎంతసేపు చూడాలో ముందే అనుకున్నవాడిలా మూడింటికీ సమానమైన సమయం ఇచ్చాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి."

"అన్నీ ఒకలాగే ఉంటే నాను మూడెందుకు పెట్టాను మావా? అత్తా, నువ్వోపాలి సూడు."

కూర్మమ్మ చెయ్యి తుడుచుకుని అందుకుంది. ఎదుటి మేడ ముందు కరెంటు తీగ మీద కాకి ఉంది. మొదటి దుర్భిణిలో కాకి చుట్టూ నీలిరంగు అంచు. రెండోదానిలో కాకి ముక్కున ఎండుపుల్ల. మూడోదానిలో కాకి కంటి చుట్టూ ఉన్న సన్నని ముడత. ఇంతటి తేడా అతడికి తేడాగా కనిపించలేదు. పొర పల్చనిదేనని ఆమె ఏడాదిగా తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఆమె దుర్భిణిని దించి దాని పెట్టెలోనే పెట్టింది.

"ఏటి కనిపిత్తంది అత్తా?"

"కాకి."

"మావకీ కాకే కనిపించిందా?"

జగన్నాధం గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నాడు. ఈయనకి ఆ కన్ను కనపడదు బాబూ. అంతే మాట. అది ఆమె పళ్ళదాకా వచ్చింది. మొగుడి లోపం గురించి బజారులో నోరెత్తకూడదని కూర్మమ్మకు ఎవరూ విడిగా నేర్పలేదు. నేర్పవలసిన పని లేనంత సంపూర్ణంగా ఆమెను పెంచారు.

చౌకరకం తీసుకుంటే అతడికి చిన్నతనం. ఖరీదైనది తీసుకుంటే, అందులోనూ కనిపించదని నాలుగు రోజుల్లో తేలిపోతుంది. మధ్యరకం ఎవరినీ ఏమీ అడగదు. పెళ్ళినాటినుంచి ఆమె ఎంచుకున్న వస్తువులన్నీ అలాంటివే.

"కాకి ముక్కున పుల్లుంది," అంది. "మధ్యది బిగించియ్యి."

"తుపాకీ ఎవరి పేరునుంది మావా, నీదా, అత్తదా?"

"పేరు నాది, పెత్తనం దానిది," అన్నాడు జగన్నాధం. ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు.

మురళీమోహన్ దుర్భిణి బిగించి, వంద అంగల దూరంలో గుర్తు పెట్టుకుని మూడు తూటాలు కాల్చి గురి సరిచేసుకోమన్నాడు. అద్దాలకు తొడిగే రెండు నల్ల రబ్బరు మూతలు ఇచ్చి, తడి తగలనివ్వొద్దన్నాడు. జగన్నాధం వాటిని భార్య చేతిలో పెట్టాడు.

"కొంగున కట్టుకోయే. నీకాడైతే పోవు."

ఆమె వాటిని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి కొంగున ముడివేసింది.

బొబ్బిలి బస్సులో అతడి ఎడమవైపు కూర్చుంది. మగ్గాల హోరు అతడికి ఎడమ చెవినే కాస్త మిగిల్చింది.

"బావా, ఓపాలి పెద్దాసుపత్రికి ఎల్దుమా?"

"ఏటికే?"

"నా మోకాలు సూపించుకుందామని." చూపిస్తే పక్కగదిలో కంటి డాక్టరు ఉంటాడని ఆమె లెక్క.

"ఎల్దుంలే. పందుల కాలం పోనీ."

ఊరి వెనక పాడుబడిన రాతిక్వారీ ఉంది. కూర్మమ్మ గోనెసంచిలో గడ్డి కూరి, బొగ్గుతో పళ్ళెమంత సున్నా గీసి, రెండు కర్రల మధ్య నిలబెట్టింది. వంద అంగలు ఆమే కొలిచింది. పక్కనే మనిషెత్తు బండ ఉంది. తూటా పేలేటప్పుడు ఆమె దాని వెనక ఉండాలి. కేకలు అతడికి వినిపించవు కాబట్టి మిల్లు సైగలే పెట్టుకున్నారు. మగ్గాల షెడ్డులో చెయ్యి పైకెత్తితే, దారం అతికింది, నడుపు అని అర్థం. బండ మీదుగా చెయ్యి ఎత్తితే కాల్చవచ్చు.

మొదటి తూటా సున్నాకు జానెడు కింద తగిలింది. ఆమె వెళ్ళి చూసి, వేళ్ళతో చెప్పడానికి సగం దూరం నడిచి వచ్చింది. ఆమె వేళ్ళు అంతకన్నా దూరంనుంచి అతడికి లెక్కకు రావని ఆమెకు తెలుసు. అతడు దుర్భిణి మీది మర తిప్పాడు. రెండో తూటా సున్నా అంచును తాకింది. ఆమె ఆ చిల్లులో వేలు పెట్టి చూస్తుండగా వాన అందుకుంది.

ఆ ప్రాంతంలో వానపడితే ఆడది ఆలోచించదు. దగ్గరున్న గోనెసంచి తీసి, ఒక మూలను ఇంకో మూలలోకి దోపి, తలమీదినుంచి వీపు మీదికి వేసుకుంటుంది. నాట్లలో, కలుపుల్లో, మిల్లు గేటు దగ్గర ఆమె నలభై ఏళ్ళుగా చేసిన పని అది. కూర్మమ్మ గురికి పెట్టిన సంచినే కర్రల మధ్యనుంచి తీసి, గడ్డి దులిపి, మూల మడిచి, దాన్ని తలమీదికి లాక్కోవడానికి చెయ్యి పైకెత్తింది. తర్వాత తడవకముందే గడ్డిని పోగుచెయ్యాలని అటు తిరిగి వంగింది.

ఇవతలినుంచి జగన్నాధానికి ఎత్తిన చెయ్యి కనిపించింది. బండ దగ్గరో, కర్రల దగ్గరో అతడికి తెలియలేదు. దుర్భిణికి కన్ను ఆనించాడు. ఉండవలసిన చోటే గోధుమరంగు గోనె, దాని మీద నల్లని సున్నా.

మూడో తూటా సున్నా మధ్యలో తగిలింది.

అతడు తుపాకీ దించి, తువాలుతో దుర్భిణి మీది చినుకులు తుడిచాడు. వేళ్ళ సైగ కోసం చూశాడు.

"ఏటే, ఎక్కడ తగిలింది?"

మళ్ళీ అడిగాడు. తర్వాత ఆమె కొలిచిన వంద అంగలూ నడిచి వెళ్ళాడు.

సాయంత్రం పోలీసు స్టేషన్‌లో ఎస్సై అతణ్ణి కన్ను ఎలా కనిపిస్తుందని అడిగాడు. జగన్నాధం బల్ల మీద ఉన్న తుపాకీకేసి చెయ్యి చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు.

"బాగానే కనిపిత్తాది బాబూ. మా ఆడదే మూడూ సూసి, మంచిదే ఎంచింది."

ఆ మాటను అతడు చెప్పినట్టే కాగితం మీద రాశారు.

ఆసుపత్రి శవాల గదిలో పనిచేసే అనూరాధ తడిసిన చీరను విప్పుతూ కొంగుముడి దగ్గర ఆగింది. ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగి విప్పింది. నగో, తాళంచెవో ఉంటే ఇంటివాళ్ళకు అప్పగించాలి. ప్లాస్టిక్ కాగితం మడతల్లో రెండు నల్ల రబ్బరు మూతలు, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది, లోపల ఎక్కడా చుక్క తడి లేకుండా ఉన్నాయి.