మాట పడిపోయిన కోడలు

చిన్నసుబ్బమ్మకు మాట పడిపోయి వారం దాటింది. అన్నం మింగుతుంది, చెప్పింది వింటుంది, తల ఊపుతుంది. మాటే రాదు. లోపల మాట తయారుగానే ఉంటుంది. గొంతు దాకా వచ్చి, మెట్టెక్కలేని ముసలి గొర్రె మాదిరి అక్కడే కూలబడుతుంది.

"లేమ్మే. తల దువ్వుకో" అంది అత్త మునెమ్మ. "ఊరంతా పలకరించేకి పోతాండారు. మనం పోకుంటే ఏమనుకుంటారు?"

ఊరి నాయకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన తమ్ముణ్ణి మొన్న జమ్మలమడుగు దారిలో జీపు ఆపి చంపినారు. ప్రొద్దుటూరు కోర్టుకు వాయిదాకు పోతా ఉన్నాడు. ఆ జీపులో ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి సంజీవయ్య, చిన్నసుబ్బమ్మ మొగుడు. ఆ పొద్దు మాత్రం జీపెక్కలేదు. పెండ్లానికి మాట రాలేదని పులివెందులకు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు.

ఎదుటి పార్టీ వాళ్లకు జీపు పోయే దారి సంగతి చెప్పింది ఎవరు? ఊరు అడుగుతున్నది అదొక్కటే. అడుగుతూ సంజీవయ్య ఇంటి వైపే చూస్తోంది.

"పెండ్లానికి బాగలేదంటే ఎవురు నమ్ముతారమ్మా?" అన్నాడు సంజీవయ్య తల్లితో. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "నిన్న మొన్నటి దాకా అందరితో నవ్వుతా మాట్లాడిన మనిషికి ఏం రోగమప్పా అంటాండారు."

వాళ్లనడంలో తప్పు లేదు. చిన్నసుబ్బమ్మ అంత బాగా నేర్చుకుంది మరి. మనుషులు ఎప్పుడు నవ్వాలో ఎట్లా తెలుసుకుంటారో ఆమెకు చిన్నప్పటి నుంచీ అర్థం కాలేదు. అందుకని ఒక్కొక్కరిని చూసి ఒక్కొక్కటి ఎత్తుకుంది. నవ్వు దువ్వూరులో ఉన్న చిన్నమ్మది. "రాండి మామా, ఇట్ల కూర్చోండి" అనే పిలుపు పక్కింటి షాహీదాబీది. కండ్లలోకి చూడలేక కనుబొమల మధ్య చూడటం మాత్రం తనంతట తాను కనిపెట్టుకుంది. పెండ్లి కాకముందు మేకల వెంట గుట్టకు పోతే ఇవేవీ అక్కరలేదు. పొద్దు గుంకే దాకా ఎవరి మొగమూ పెట్టుకోకుండా ఉండొచ్చు. అత్తగారింట్లోనూ గొర్రెలుండేవి. సంజీవయ్య పెద్దాయన వాళ్ల జీపెక్కి తిరగబట్టినాక వాటిని అమ్మేసినారు.

మొన్నటి ఎన్నికలప్పుడు పార్టీ మనుషులకు వంటంతా వీళ్లింట్లోనే. పొద్దున్నుంచి మనుషులు వస్తూనే ఉండేవాళ్లు. ప్రతి ఒక్కరికీ ఒక పలకరింపు, ఒక నవ్వు, ఎకసెక్కానికి ఒక ఎదురు ఎకసెక్కం. బయట మైకు, రాత్రయితే నాటుబాంబుల చప్పుడు. పెద్దాయన పార్టీ గెలిచిన నాడు టపాకాయలు ఆగలేదు. మరుసటి రోజు పొద్దున "ఉప్పు యాడ పెట్టినావే?" అని అత్త అడిగింది. చిన్నసుబ్బమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గరిటె చప్పుడు చెవిలో మేకు దిగినట్టుంది. భుజం మీది కొంగు ముండ్లకంపలాగుంది. పోయి గాదె సందులో కూర్చుంది.

పులివెందుల డాక్టరు టార్చి వేసి నోట్లో చూసినాడు. కడుపు నొక్కినాడు. "మనిషి బాగానే ఉండాది. బలానికి సీసా ఇస్తా, తాపు" అన్నాడు.

సంజీవయ్య ఇప్పుడు వచ్చి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"సుబ్బీ, ఒక్క మాట చెప్పు చాలు. 'నన్ను డాక్టరు కాడికి తీస్కపోయినాడు' అని పెద్దాయనోళ్ల అమ్మ ముందర చెప్పు. నువ్వంటే ఆమెకు నమ్మకం. లేకుంటే నన్ను..." అని ఆగిపోయినాడు.

ఆమె తల ఊపింది. ఊపితే చెప్పినట్టేనని ఆయన నమ్మినాడు.

దారి పొడుగునా ఆ మాటను లోపల తిప్పుకుంటూ నడిచింది. పెద్దాయన ముంగిట ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు. ఒక్కో ఏడుపూ ఆమె తలలో పడి అక్కడే ఉండిపోతోంది. అగరొత్తుల పొగ, చెమట, వాడిన పూలు. సంజీవయ్యను చూసి మంచాల మీది మగవాళ్లు మాటలాపినారు. ఎవరూ జరిగి చోటియ్యలేదు.

"వచ్చినాడప్పా, ఆసుపత్రి నుంచి!" అన్నాడొకడు.

"పులివెందులలో నాటుకోడి బాగుంటాదంట. తినొచ్చినావా సంజీవా?" అన్నాడు ఇంకొకడు. ఎవరూ నవ్వలేదు.

పెద్దాయనకూ చనిపోయినవానికీ తల్లి అయిన శ్యామలమ్మ చిన్నసుబ్బమ్మ మణికట్టు పట్టి కూర్చోబెట్టుకుంది. ముసలిదైనా పట్టు ఇనుప పట్టు.

"సుబ్బమ్మా, నీ చేతి కూడు తిన్నాడు నా కొడుకు. నువ్వు అబద్ధమాడవు. చెప్పు, ఆ పొద్దు నీ మొగుడు యాడుండె?"

ఏడుపులు ఆగినాయి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. చిన్నసుబ్బమ్మ పెదవులు కదిలినాయి. 'నన్ను' అనే మొదటి మాట పైకి రావాలి. రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. గొంతు నరాలు ఉబ్బినాయి.

"ఏందే, మూగనోము పట్టినావా? ఓట్లప్పుడు నీ నోరు మూతపడిందే లేదే!" అంది వెనక నుంచి ఒకామె.

"ఇంట్లో నేర్పిచ్చి తెచ్చినట్టుండారు" అంది మరొకామె.

పెద్దాయన మంచం మీద నుంచి లేచి కండువా దులిపినాడు. "సంజీవా, లోపలికి రా. మాట్లాడాల" అన్నాడు నిదానంగా. ఇద్దరు మనుషులు సంజీవయ్య వెనక వచ్చి నిలబడినారు. మునెమ్మ "అయ్యా, అయ్యా" అంటూ కాళ్ల మీద పడబోతే ఎవరో పక్కకు లాగినారు.

అప్పుడు జరిగింది చిన్నసుబ్బమ్మ తలచి చేసింది కాదు. చేయి పట్టు తప్పితే బిందె జారినట్టు, ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా జారింది. చేతులు మణికట్ల దగ్గర నుంచి కొట్టుకోవడం మొదలుపెట్టినాయి. గొంతులో నుంచి ఒకటే స్వరం, ఎక్కకుండా దిగకుండా, సాగుతూ వచ్చింది. ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగింది. అరచేత్తో నుదుటి మీద కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది.

ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని వెనక్కి జరిగినారు. శ్యామలమ్మ మణికట్టు వదిలేసింది.

"ఇది... దీనికి నిజంగానే బాగలేదురా" అంది పెద్ద కొడుకుతో. "ఎవురన్నా ఇట్ల చేస్తారా, ఇంతమందిలో?"

పెద్దాయన సైగ చేస్తే సంజీవయ్య వెనక నిలబడినవాళ్లు పక్కకు జరిగినారు. "పోరా. తీస్కపో దీన్ని. మళ్లీ నా గడప తొక్కనీయాకు."

సందు మలుపు తిరిగినాక సంజీవయ్య గోడకు ఆనుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది ఆయనకు.

"సుబ్బీ! బలే చేస్తివి మే! నాటకాలోళ్లు పనికిరారు నీ ముందర. నా పానం నిలబెట్టినావు!"

"మా తల్లే!" అంది మునెమ్మ కండ్లు తుడుచుకుంటూ. "ఇంత తెలివి యాడ దాచుకున్యావే?"

చిన్నసుబ్బమ్మ ఊగుతూనే ఉంది.

"ఇంక చాలు మే. ఈడ ఎవురూ లేరు. మామూలుగా ఉండు."

ఇన్నేండ్లూ వాళ్లు మామూలు అనుకున్నదే నాటకమని, ఇది మాత్రం నాటకం కాదని ఆమె చెప్పాలనుకుంది. ఆ మాట కూడా తక్కిన మాటల వెనక పోయి నిలబడింది.

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపు వణికినాయి, వదలగానే మళ్లీ కొట్టుకున్నాయి. మళ్లీ పట్టుకున్నాడు. ఆయన నవ్వు పోయింది.

"సుబ్బీ, చాలంటాండా గదా. భయమైతాది."

ఆమె కండ్లు ఆయన మొగం మీద లేవు. గోడ మీద ఎక్కడో ఉన్నాయి.

సంజీవయ్య తల్లి వైపు తిరిగినాడు. "అమ్మా, ఎప్పట్నుంచి ఇట్లుండాది ఇది?"

"నాకేం తెలుసురా" అంది మునెమ్మ. ఆమె గొంతూ మారింది. "నువ్వే గదా మొగుడు."

చిన్నసుబ్బమ్మకు ఆ ప్రశ్న వినపడింది. జవాబు తెలిసిన మనిషి అక్కడ ఆమె ఒక్కతే. వాళ్లిద్దరూ ఆమెను అడగలేదు, ఒకరి మొగం ఒకరు చూసుకుంటూ ఎండలో అట్లే నిలబడిపోయినారు.